వరుసలో ఉన్నవాడి మాటేమిటి?

హెవీవెయిట్ టైటిల్ మ్యాచ్ ప్రపంచంలో ఎక్కడ జరిగినా జంషెడ్‌పూర్‌కి అది ఆదివారం పొద్దునే చేరుతుంది. సీ షిఫ్టు దిగి గేటు బయటికొచ్చినవాళ్ళు, అలారం పెట్టుకుని లేచి ఫోన్‌లో చూసినవాళ్ళు కదమా బజార్లో టీ కొట్టు దగ్గర కలుస్తారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి తాతల కాలంలో కంపెనీ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల మనుషులు. తండ్రుల నుంచి అలీ పేరు, అన్నల నుంచి టైసన్ పేరు విని పెరిగినవాళ్ళు. మ్యాచ్ నాకౌట్‌తో ముగిస్తే టీ చల్లారకముందే మాట మారుతుంది. పాయింట్ల మీద తేలితే మాత్రం ఆ వారమంతా ఒకటే పాట. "ఏటి మావా, ఇదేం తీర్పు? రీమ్యాచ్ పెట్టాల్సిందే!" ఒకడు అంటాడు. మిగతావాళ్ళు తలూపుతారు. కాదనేవాడు ఓడినవాడికి శత్రువైపోతాడు.

దగ్గరి పోటీలో ఓడినవాడికి రెండో అవకాశం వెంటనే ఇవ్వాలి, అదే న్యాయం, ఇవ్వనన్న ఛాంపియన్ పిరికివాడు. అభిమానుల్లో నూటికి తొంభైమంది నమ్మే మాట ఇది. లండన్‌లో కూడా ఇదే, లాస్ వేగస్‌లో కూడా ఇదే, కదమాలో కూడా ఇదే. ఈ మాట తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. దానివల్ల నిజంగా దెబ్బతినే మనుషులు ఉన్నారు. వాళ్ళ పేర్లు మనం పలకం, అందుకే ఆ దెబ్బ మనకు కనపడదు.

రీమ్యాచ్ అడిగేవాడి కళ్ళకు ఇద్దరే ఆనతారు: గెలిచినవాడు, ఓడినవాడు. మూడోవాడు ఒకడున్నాడు. ఛాంపియన్‌తో తలపడే అర్హత సంపాదించి, తన వంతు కోసం నెలల తరబడి నిలబడ్డవాడు. కంపెనీ క్వార్టర్ల జాబితాలో మొదటి పేరు ఉన్న మనిషిని పక్కన నిలబెట్టి, ఖాళీ అయిన క్వార్టర్‌ను అంతకుముందు అందులో ఉన్నవాడికే మళ్ళీ రాసిస్తే ఈ ఊళ్ళో ఎవరైనా ఊరుకుంటారా? ఆ రోజే యూనియన్ ఆఫీసు ముందు జనం చేరతారు. బాక్సింగ్‌లో అదే పని జరిగితే మనం చప్పట్లు కొడుతున్నాం.

2024 మే 18 రాత్రి సంగతి తీసుకుందాం. రియాద్‌లో ఒలెక్సాండర్ ఉసిక్, టైసన్ ఫ్యూరీ. నాలుగు సంస్థల బెల్టులూ ఒకే పోటీలో ఉన్నాయి: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో. 1999 నవంబర్‌లో హోలీఫీల్డ్‌ని ఓడించి లెనాక్స్ లూయిస్ తిరుగులేని ఛాంపియన్ అయ్యాక దాదాపు పాతికేళ్ళు హెవీవెయిట్‌కి ఒక్క రాజు లేడు. ఆ రాత్రి మొదటి మూడు రౌండ్లు ఉసిక్‌వి. ఆ తర్వాత ఫ్యూరీ పొట్ట మీద కొడుతూ, కింద నుంచి అప్పర్‌కట్లు లేపుతూ ఆరో రౌండ్‌కల్లా ఉసిక్‌ని ఇబ్బందుల్లో పడేశాడు. ఎనిమిదిలో ఉసిక్ తేరుకున్నాడు. తొమ్మిదో రౌండ్ చివర్లో అతని ఎడమ చేతి దెబ్బ నేరుగా తగిలి, అంతటి ఫ్యూరీ కాళ్ళు అదుపు తప్పి ఒక తాడు నుంచి ఇంకో తాడు మీదికి తూలాడు. తాళ్ళు లేకపోతే నేల మీద పడేవాడేనని రిఫరీ లెక్క మొదలుపెట్టాడు. లెక్క పూర్తవగానే గంట మోగింది. ఫ్యూరీ బతికిపోయాడు.

జడ్జీల కార్డులు 115–112, 114–113 ఉసిక్‌కి, 114–113 ఫ్యూరీకి. ఇక్కడే మనవాళ్ళ లెక్కలు మొదలయ్యాయి. రిఫరీ ఆ లెక్క పెట్టకపోతే ఫ్యూరీకి ప్రతి కార్డులోనూ ఒక పాయింటు కలిసేది. రెండో కార్డు 114–114 అయ్యేది. ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటి సమానం. అంటే డ్రా. "చూశావా బావా, ఒక్క రిఫరీ చేతిలో ఉంది. మరి రీమ్యాచ్ న్యాయం కాదా?" అన్నారు. ఆ కూడిక సరైనదే. కానీ ఆ కూడికలో ఒక దెబ్బ తీసేశారు. మనిషిని తాళ్ళకు అతికించిన దెబ్బ అది. బాక్సింగ్‌లో పాయింట్లు ఎందుకు ఉన్నాయి? అలాంటి దెబ్బకు విలువ కట్టడానికే. గెలుపుని తయారుచేసిన దాన్నే తీసేసి, గెలుపు సన్నగా ఉందంటే ఎలా?

అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఆ రెండో మ్యాచ్ ఖరీదు ఎంత? ఒప్పందంలో రీమ్యాచ్ క్లాజు ముందే ఉంది. ఫ్యూరీ దాన్ని వాడుకున్నాడు. ఆ క్లాజు ప్రకారం ఉసిక్ తర్వాతి పోటీ ఫ్యూరీతోనే. ఐబీఎఫ్ మాత్రం తన వరుస ప్రకారం ముందున్నవాడితో ఆడమంది. రెండూ ఒకేసారి కుదరవు. జూన్ నెలాఖరుకే ఉసిక్ ఐబీఎఫ్ బెల్టు వదులుకున్నాడు. పాతికేళ్ళు ఎదురుచూసిన ఏకైక ఛాంపియన్ మనకు ఆరు వారాలైనా నిలవలేదు. అతన్ని రింగులో ఎవరూ ఓడించలేదు. ఒక కాగితం ఓడించింది. ఆ కాగితాన్ని పండగలా ఆహ్వానించినవాళ్ళం మనమే. డిసెంబర్ 21న అదే రియాద్‌లో రెండోసారి తలపడ్డారు. ముగ్గురు జడ్జీలూ 116–112 ఉసిక్‌కే ఇచ్చారు. దాంతో సందేహం తీరిందా? తీరలేదు. మర్నాటి పొద్దున కదమాలో మూడో మ్యాచ్ మాట వినపడింది. రెండోది నిజం తేలుస్తుందన్నవాళ్ళే, తేలాక మూడోది అడిగారు.

ఇక ఆ వరుసలోని మనిషి. ఫిలిప్ హెర్గోవిచ్. క్రొయేషియా వాడు, 2016 రియో ఒలింపిక్స్‌లో సూపర్ హెవీవెయిట్ కాంస్యం గెలిచినవాడు. 2022 ఆగస్టు 20న జెడ్డాలో ఉసిక్, బ్రిటన్ బాక్సర్ ఆంథనీ జాషువా రెండోసారి తలపడ్డారు. అది కూడా రీమ్యాచ్ క్లాజు తెచ్చిన పోటీయే. 2021 సెప్టెంబర్‌లో లండన్‌లో ఓడిన జాషువా మధ్యలో ఇంకెవరితోనూ ఆడకుండా నేరుగా మళ్ళీ టైటిల్ పోటీకి వచ్చేశాడు. అదే రాత్రి, అదే రింగులో, పెద్ద మ్యాచ్‌కి ముందు హెర్గోవిచ్ చైనా బాక్సర్ జాంగ్ జిలేని పన్నెండు రౌండ్లలో ఓడించి ఐబీఎఫ్ తప్పనిసరి పోటీదారు అయ్యాడు. జాషువా ఓడిపోయినా టైటిల్ పోటీ మళ్ళీ అందుకున్నాడు. హెర్గోవిచ్ గెలిచి దాదాపు రెండేళ్ళు ఎదురుచూశాడు. ఉసిక్‌తో అతనికి ఒక్క రౌండ్ కూడా దక్కలేదు. 2024 జూన్ 1న డేనియల్ డుబోయ్‌తో పోటీలో, కళ్ళ పక్కన చీలికలతో రక్తం కారుతుండగా ఎనిమిదో రౌండ్‌లో ఆట ఆపేశారు. ఆ వంతు అక్కడితో పోయింది. అతను ఉసిక్‌ని ఓడించేవాడని నేను అనడం లేదు. ఓడేవాడేమో. కానీ ఓడే హక్కు కూడా అతను సంపాదించుకున్నదే కదా!

ఆ జాంగ్ జిలే సంగతీ ఇలాంటిదే. నలభై ఏళ్ళకు చేరువలో, 2023 ఏప్రిల్‌లో బ్రిటన్ వాడు జో జాయిస్‌ని ఆరో రౌండ్‌లో ఆపేశాడు. సందేహానికి ఎక్కడా చోటు లేని గెలుపు. అయినా ఒప్పందంలో క్లాజు ఉంది, జాయిస్ వాడుకున్నాడు. సెప్టెంబర్‌లో మళ్ళీ తలపడితే ఈసారి మూడో రౌండ్‌లోనే పడగొట్టాడు. ఆ వయసు బాక్సర్‌కి ఐదు నెలలంటే ఏమిటో రోజూ పొద్దున్నే పరుగు తీసేవాడిని అడిగితే చెబుతాడు.

ఇదంతా కొత్త రోగం అనుకోవద్దు. 1962 సెప్టెంబర్ 25న షికాగోలో సోనీ లిస్టన్ ఛాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని మొదటి రౌండ్‌లో 2 నిమిషాల 6 సెకన్లకు పడగొట్టాడు. ఎవరు గొప్పవాడనే ప్రశ్నే మిగల్లేదు. ప్యాటర్సన్‌కి రీమ్యాచ్ హక్కు ఉంది కాబట్టి 1963 జూలైలో లాస్ వేగస్‌లో మళ్ళీ పెట్టారు. ఈసారి 2 నిమిషాల 10 సెకన్లు. పది నెలల కాలం, ప్రపంచ టైటిల్ మొత్తం, నాలుగు సెకన్ల తేడా కోసం ఆగిపోయింది.

1978 కథ అలీ అభిమానులకు ప్రాణం. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఏడు ప్రొఫెషనల్ మ్యాచ్‌ల అనుభవం ఉన్న లియాన్ స్పింక్స్ అలీని ఓడించాడు. సెప్టెంబర్‌లో న్యూ ఆర్లియన్స్‌లో అలీ తిరిగి గెలిచి మూడోసారి టైటిల్ అందుకున్నాడు. మన పెద్దవాళ్ళు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా వినబుద్ధేస్తుంది. కానీ వాళ్ళు ఒక ముక్క వదిలేస్తారు. ఆ రెండు మ్యాచ్‌ల మధ్య స్పింక్స్ మీద బాధ్యత ఒకటుంది: వరుసలో ముందున్న కెన్ నార్టన్‌తో తలపడాలి. అలీతో రీమ్యాచ్‌కే మొగ్గాడు కాబట్టి డబ్ల్యూబీసీ అతని గుర్తింపు తీసేసింది. హెవీవెయిట్ టైటిల్ రెండు ముక్కలైంది. ఆ ముక్కల్ని, తర్వాత పుట్టిన ఐబీఎఫ్ ముక్కతో కలిపి, 1987 ఆగస్టులో మైక్ టైసన్ ఒక చోటికి తెచ్చేదాకా తొమ్మిదేళ్ళు పట్టింది. ఒక మనిషికి రెండో అవకాశం ఇచ్చినందుకు ఆటకు తొమ్మిదేళ్ళ చీలిక. అలీని ప్రేమించేవాళ్ళలో నేను ఎవరికీ తీసిపోను. అయినా ఈ లెక్క చెప్పకుండా ఉండలేను.

ఇదే నార్టన్, అలీతో మూడుసార్లు తలపడ్డాడు. 1973 మార్చిలో అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. సెప్టెంబర్‌లో జడ్జీల మధ్య చీలిన తీర్పుతో అలీ గెలిచాడు. 1976 సెప్టెంబర్‌లో యాంకీ స్టేడియంలో మూడోసారి అలీకే ఇచ్చారు. నార్టన్ గెలిచాడని నమ్మేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మొత్తం ముప్పై తొమ్మిది రౌండ్లు. ఇంతకంటే పెద్ద పరీక్ష ఎవరు పెట్టగలరు? అయినా వివాదం చావలేదు. రెండో మ్యాచ్‌లో వేరే శరీరాలు, వేరే రాత్రి, వేరే జడ్జీలు. అది మొదటి మ్యాచ్‌కి జవాబు ఎలా అవుతుంది? 2019 జూన్‌లో న్యూయార్క్‌లో జాషువాని నాలుగుసార్లు కింద పడేసి గెలిచిన ఆండీ రూయిజ్, డిసెంబర్‌లో సౌదీలో దాదాపు ఏడు కిలోలు పెరిగి వచ్చి ఓడిపోయాడు. రెండో రాత్రి మనకు తెలిసింది రూయిజ్ ఆ ఆర్నెల్లు ఎలా గడిపాడన్నది. జూన్ రాత్రి ఏది నిజమో ఆ రాత్రే తేలిపోయింది.

జడ్జీల సంగతికి వద్దాం, ఎందుకంటే అవతలివాళ్ళ బలమంతా అక్కడే ఉంది. జడ్జీలు తప్పు చేస్తారు. 1999 మార్చిలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లూయిస్ స్పష్టంగా ముందుండగా ఒక జడ్జి 115–113 హోలీఫీల్డ్‌కి ఇచ్చింది, ఇంకొకరు సమానం అన్నారు, డ్రా అయింది. న్యూయార్క్‌లో విచారణలు జరిగాయి. నవంబర్‌లో మళ్ళీ పెట్టారు, లూయిస్ గెలిచాడు. అక్కడ రీమ్యాచ్ సబబే. తీర్పు ఇచ్చినవాళ్ళే తప్పు జరిగిందని ఒప్పుకునే స్థాయి అన్యాయం జరిగితే, దెబ్బతిన్నవాడికి వెంటనే మళ్ళీ అవకాశం ఇవ్వాలి. ఇందులో నాకు భేదాభిప్రాయం లేదు.

కానీ మనం ఆ ఒక్క కేసుని అడ్డం పెట్టుకుని దగ్గరి మ్యాచ్ ప్రతిదాన్నీ దోపిడీ అంటున్నాం. తీర్పు చెడ్డదైతే బాగుచేయాల్సింది తీర్పు చెప్పే పద్ధతిని. జడ్జీలను ఎవరు నియమిస్తున్నారు, వాళ్ళ కార్డులు ప్రతి నాలుగు రౌండ్లకూ బయటపెట్టొచ్చా, ఘోరమైన కార్డు రాసిన జడ్జికి తర్వాతి పెద్ద మ్యాచ్ ఎందుకు దక్కుతోంది? ఈ ప్రశ్నలు మనం అడగం. ఎందుకంటే రీమ్యాచ్ అడిగితే ఇంకో మ్యాచ్ చూడొచ్చు, జడ్జీల సంస్కరణ అడిగితే చూడ్డానికి ఏమీ ఉండదు. పైగా రీమ్యాచ్ మందు ఎవరికి దొరుకుతుంది? పేరున్నవాడికి, టికెట్లు అమ్మగలిగినవాడికి. ఏదో ఊళ్ళో, మొదటి మ్యాచ్‌గా వేసిన ఆరు రౌండ్ల పోటీలో నిజంగా దోపిడీకి గురైన కుర్రాడికి రీమ్యాచ్ ఎవరు పెడతారు? అతనికి కావలసింది మంచి జడ్జి. మన అరుపుల్లో అతనికి చోటు లేదు.

మూడు మ్యాచ్‌ల పోటీలు లేకపోతే ఈ ఆటకు చరిత్రే లేదంటారు. అలీ, ఫ్రేజియర్ పేర్లు ఎత్తుతారు. నిజమే, 1975 అక్టోబర్ 1న మనీలాలో జరిగినదానికి మించిన హెవీవెయిట్ పోటీ నాకు తెలియదు. కానీ అక్కడికి వాళ్ళు ఎలా చేరారో చూడండి. 1971 మార్చి 8న ఓడిన అలీ, ఫ్రేజియర్‌తో మళ్ళీ తలపడింది 1974 జనవరిలో. ఆ మూడేళ్ళూ కాగితం పట్టుకుని కూర్చోలేదు. వరసగా పోటీలు ఆడాడు, నార్టన్ చేతిలో ఓడాడు, మళ్ళీ గెలిచాడు. ఆ తర్వాత కిన్షాసాలో ఫోర్‌మన్‌ని పడగొట్టి టైటిల్ తెచ్చుకున్నాడు. ఫ్రేజియర్ కూడా రెండోసారి ఓడాక జెర్రీ క్వారీని, జిమ్మీ ఎల్లిస్‌ని ఓడించి మనీలాకి వచ్చాడు. ఆ మ్యాచ్ గొప్పదవడానికి కారణం అదే. ఇద్దరూ మళ్ళీ సంపాదించుకుని వచ్చారు.

ఫ్యూరీ, వైల్డర్ మూడో మ్యాచ్ దీనికి పూర్తిగా వేరు. 2018 డిసెంబర్‌లో డ్రా. 2020 ఫిబ్రవరిలో ఫ్యూరీ ఏడో రౌండ్‌లో ఆపేశాడు. ఆ తర్వాత మూడో మ్యాచ్ దాకా వైల్డర్ ఒక్క పోటీ ఆడలేదు. 2021లో ఫ్యూరీ దగ్గర ఒక బెల్టు, జాషువా దగ్గర మూడు. ఇద్దరూ ఆగస్టులో తలపడడానికి మాటలు కుదిరాయి. మేలో మధ్యవర్తి తీర్పు వచ్చింది: వైల్డర్‌కి మూడో మ్యాచ్ హక్కు ఉందని. ఆ పోటీ ఆగిపోయింది. అక్టోబర్ 9న లాస్ వేగస్‌లో వైల్డర్ మూడోసారి తలపడ్డాడు, ఐదు సార్లు ఎవరో ఒకరు కింద పడ్డారు, పదకొండో రౌండ్‌లో ఫ్యూరీ ముగించాడు. అద్భుతమైన మ్యాచ్, నేను ఊపిరి బిగబట్టి చూశాను. కానీ బాగుండడం వేరు, హక్కు ఉండడం వేరు. ఇద్దరూ మంచి ఊపులో ఉండగా నాలుగు బెల్టులకూ ఫ్యూరీ, జాషువా తలపడే ఆ ఒక్క వేసవి మళ్ళీ రాలేదు.

ఆ ఖాళీలోనే ఉసిక్‌కి జాషువాతో అవకాశం దొరికింది కదా అంటారు. దొరికింది. ఎందుకు దొరికింది? డబ్ల్యూబీవో వరుసలో అతను ముందున్నాడు కాబట్టి. వరుసని గౌరవించిన ఆ ఒక్కసారే ఈ తరం గొప్ప హెవీవెయిట్ బయటపడ్డాడు. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పేరు కోసం వరుసను పక్కన పెట్టడమంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ మీద మనం కళ్ళారా చూశాం. 2019 మేలో గువాహటిలో ఇండియా ఓపెన్ సెమీఫైనల్లో ఆమె మేరీకోమ్ చేతిలో ఓడింది. ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి 51 కిలోల విభాగంలో ఎంపిక పోటీ పెట్టాల్సి ఉండగా, అది రద్దుచేసి మేరీని నేరుగా పంపారు. అక్కడ మేరీకి కాంస్యం వచ్చింది. ఒలింపిక్ అర్హత పోటీలకూ ట్రయల్ లేకుండానే పంపుతారన్న మాట వచ్చినప్పుడు, అక్టోబర్‌లో నిఖత్ అప్పటి క్రీడామంత్రి కిరణ్ రిజిజుకి బహిరంగంగా లేఖ రాసింది. ఆరుసార్లు ప్రపంచ విజేతను ట్రయల్‌కి రమ్మంటావా అని దేశంలో సగం మంది ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు. ఇక్కడ మన టీ కొట్టు దగ్గర కూడా ఆ మాట అన్నవాళ్ళున్నారు.

"మరి నిఖత్ అడిగింది రీమ్యాచే కదా, దాన్ని నువ్వు సమర్థించావు కదా" అని నన్ను నిలదీసిన మిత్రులున్నారు. ఆమె అడిగింది రీమ్యాచ్ కాదు. తలుపు తెరవమంది. చివరికి ట్రయల్ పెట్టారు, నలుగురిని పిలిచారు. డిసెంబర్ 27న ఢిల్లీలో నిఖత్ మొదట జ్యోతి గులియాని ఓడించాలి, మేరీ మొదట రీతూ గ్రేవాల్‌ని ఓడించాలి. ఇద్దరూ ఓడించారు. మర్నాడు ఎదురెదురు నిలిచారు. మేరీ 9–1తో గెలిచింది. మ్యాచ్ అయ్యాక చేతులు కలపడం కూడా జరగలేదు. నిఖత్ చేతిలో ఏ క్లాజూ లేదు. ఆమెకు కావలసిన ఒలింపిక్స్ పోయాయి. ఆ తర్వాత 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల్లో మళ్ళీ అయింది. మేరీతో మళ్ళీ తలపడకుండానే తానెవరో చూపించింది. ఆమె సత్తా ఏమిటో తేల్చడానికి పాత ప్రత్యర్థి అక్కర్లేకపోయింది, కొత్తవాళ్ళు చాలు.

డుబోయ్ కూడా ఈ దారినే నడిచాడు. 2023 ఆగస్టులో పోలండ్‌లో ఉసిక్‌తో ఐదో రౌండ్‌లో అతని దెబ్బకు ఉసిక్ కింద పడ్డాడు. నడుము కిందికి తగిలిందని రిఫరీ అన్నాడు. దాదాపు నాలుగు నిమిషాలు కోలుకునే సమయం దొరికింది. తొమ్మిదో రౌండ్‌లో ఉసిక్ ముగించాడు. డుబోయ్ వర్గం అప్పీలు చేసింది, పని జరగలేదు. అన్యాయం అని కూర్చోవచ్చు. కూర్చోలేదు. ఆ డిసెంబర్‌లో జారెల్ మిల్లర్‌ని, జూన్‌లో హెర్గోవిచ్‌ని, సెప్టెంబర్‌లో వెంబ్లీలో జాషువాని వరుసగా పడగొట్టాడు. ఐబీఎఫ్ బెల్టుతో 2025 జూలై 19న ఉసిక్ ముందుకొచ్చాడు. ఐదో రౌండ్‌లో ఓడిపోయాడు. కానీ ఆ రాత్రి అతను రింగులో నిలబడడాన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. రెండోసారి తలపడడం మీద నాకు కోపం లేదు. మధ్యలో ఎవరినీ గెలవకుండా, సంతకం బలంతో తలపడడం మీదే నా కోపమంతా.

ఈ గొడవ రియాద్‌ది, లండన్‌ది, మనకేం పని అనేవాళ్ళకు ఒక మాట. జంషెడ్‌పూర్ అరుణా మిశ్రా లాంటి బాక్సర్‌ని చూసిన ఊరు. జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో ఇవాళ్టికీ పిల్లలు బాక్సింగ్ నేర్చుకుంటున్నారు. తలకు గార్డు కట్టుకుని, చేతి పట్టీలు పళ్ళతో లాగి బిగించుకుంటూ, తమ పేరు పిలిచేదాకా బెంచీ అంచున కూర్చునే పిల్లల్ని నేను చూశాను. ఎంపిక పోటీలో ముగ్గురు జడ్జీలు అటు, ఇద్దరు ఇటు అయి ఓడిన గుంటడికి రీమ్యాచ్ లేదు. వాడు ఇంటికెళ్ళి, తర్వాతి పోటీకి పేరు రాయించుకుని, డ్రాలో ఎవరు తగిలితే వాళ్ళని ఓడించుకుంటూ రావాలి. 1980 జనవరిలో ఢిల్లీలో అలీతో ప్రదర్శన పోటీలో తలపడిన మన హెవీవెయిట్ కౌర్ సింగ్‌ది కూడా అదే దారి. 1982 ఆసియా క్రీడల స్వర్ణం, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్, అక్కడ ఓటమి, అంతటితో సరి. అతని తరఫున ఎవరూ రీమ్యాచ్ అరవలేదు. మన పిల్లలకు ఒక న్యాయం, డబ్బున్న ఆటకు ఇంకో న్యాయమా?

అభిమాని కోరికకు విలువ లేదని కూడా అనుకోవద్దు. ప్రమోటర్ మొదట చూసేది మన చూపు ఎటుందని. పాత జంటనే మళ్ళీ చూస్తామంటే పాత జంటనే అమ్ముతాడు. రిస్కు తక్కువ, పోస్టరు సిద్ధం, కథ సిద్ధం. వరుసలో నిలబడ్డ కొత్తవాడి పేరు మనం పలకడం మొదలుపెడితే ఆ పేరుకీ ధర వస్తుంది. 2000 ఆగస్టు నుంచి 2001 డిసెంబర్ దాకా హోలీఫీల్డ్, జాన్ రూయిజ్ ఒకే డబ్ల్యూబీఏ బెల్టు కోసం మూడుసార్లు తలపడ్డారు. ఒకటి ఇతను, ఒకటి అతను, మూడోది డ్రా. పదహారు నెలలు ఒక బెల్టు ఇద్దరి మధ్యే తిరిగింది. ఆ మూడు మ్యాచ్‌ల్లో ఒక్క రౌండ్ అయినా ఈ ఊళ్ళో ఎవరికైనా గుర్తుందా?

కాబట్టి మూడో మ్యాచ్ అడిగే మిత్రులకు నా జవాబు ఇది. ఓడినవాడు తిరిగి రావచ్చు, ఫ్యూరీ అయినా ఇంకెవరైనా. ముందు తన కంటే వరుసలో ముందున్నవాణ్ణి, మంచి ఊపులో ఉన్నవాణ్ణి ఓడించి రావాలి. రీమ్యాచ్ క్లాజుతో వచ్చే టైటిల్ పోటీని గుర్తించేది లేదని నాలుగు సంస్థలూ ఒక్క నియమం రాసుకుంటే చాలు, తీర్పు తప్పని కమిషన్ తేల్చిన కేసు ఒక్కటి మినహాయించి. ఆ నియమం కోసం అరవండి, మీతో గొంతు కలుపుతాను. వచ్చే ఆదివారం పొద్దున టీ కొట్టు దగ్గర మాత్రం నేను మొదట అడిగేది, తర్వాత వంతు ఎవరిదని.